ఊక వాసనలో ఉక్కు పాట

మన దగ్గర పాటంటే ముందు మాట. ఎవరు రాశారని అడిగాకే ఎవరు కట్టారు, ఎవరు పాడారు అన్న సంగతి వస్తుంది. ఆత్రేయదా, వేటూరిదా అని వాదించుకునే ఇళ్ళు మా మిర్యాలగూడలోనూ ఉండేవి. మాదీ అలాంటి ఇల్లే. పల్లవిలో ఒక్క మాట సరిగా వినపడకపోతే రేడియో పక్కకు జరిగి చెవులు రిక్కించేవాళ్ళం. అలాంటి ఇంట్లో పెరిగిన నేను ఈ వయసులో వెనక్కి తిరిగి చూసుకుంటే, అన్నిటికన్నా ఎక్కువగా విన్న పాటలు మాటలతో పని లేకుండా నాలోకి వచ్చేసినవే. 1980 నుంచి 1989 దాకా వచ్చిన హెవీ మెటల్ ఆల్బములవి. మొదట విన్నప్పుడు వాటిలో ఒక్క వాక్యం కూడా నాకు తెలియలేదు. అయినా పరాయివి అనిపించలేదు. ఎందుకు అనిపించలేదా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

కారణం మా ఇంటి వెనక గోడ అవతలే ఉందనుకుంటాను. అక్కడ రైసు మిల్లు ఉండేది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారాక మా చుట్టుపక్కలంతా వరి పెరిగింది, వరి వెంట మిల్లులు పెరిగాయి. కోతల కాలం వస్తే మిల్లు రాత్రీ పగలూ ఆడేది. బయటివాళ్ళకు అదంతా ఒకటే రొద. దాని పక్కన పుట్టి పెరిగినవాళ్ళకు మాత్రం పొరలు పొరలుగా వినిపిస్తుంది. అన్నిటికీ అడుగున మోటారు గొణుగుడు. దాని మీద ఎలివేటరు డబ్బాలు వడ్లు ఎత్తి పోసే టకటక. ఆ పైన జల్లెడ అటూ ఇటూ ఊగే వరస. అన్నిటినీ కప్పుతూ ఊకను బయటికి ఊదే గాలి. నాన్న ఆ మిల్లులో మిషన్లు చూసుకునేవాడు. స్క్రూడ్రైవరు కొనను బేరింగు దగ్గర ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. లోపల అరుగుదల ఉందో లేదో అలా తేల్చేవాడు. అర్ధరాత్రి గాఢ నిద్రలో ఉన్నా మిల్లు చప్పుడు మారితే లేచి కూర్చునేవాడు. మిల్లు పూర్తిగా ఆగిపోతే ఇంటిల్లిపాదికీ మెలకువ వచ్చేది.

1990ల మొదట్లో చదువుకోసం హైదరాబాదు వెళ్ళాను. హాస్టల్లో మా గదివాడి దగ్గర ఒక క్యాసెట్టు ఉండేది. జూడాస్ ప్రీస్ట్ బృందం 1980 ఏప్రిల్‌లో విడుదల చేసిన ‘బ్రిటిష్ స్టీల్’ అది. అట్ట మీద పెద్ద రేజరు బ్లేడు, దాన్ని గట్టిగా పట్టుకున్న వేళ్ళు. ఆ బొమ్మ పోలండుకు చెందిన రోస్వావ్ షైబోదని తర్వాత ఎప్పుడో తెలిసింది. టేపు తిరగడం మొదలైంది. రెండు గిటార్లు ఒకే వరసను ఒకే బిగువుతో కొడుతున్నాయి. గొంతు ఏం పాడుతోందో నాకు అందలేదు. కానీ అడుగున ఏది నడుస్తోంది, దాని మీద ఏది ఊగుతోంది, ఏది ఆగితే మిగతావన్నీ ఆగిపోతాయి, అవన్నీ మొదటి పాటలోనే పట్టుబడ్డాయి. గదిలో మిగతా ఇద్దరూ చెవులు మూసుకున్నారు. నేను క్యాసెట్టు తిప్పి రెండో వైపు వేశాను.

ఆ ఆల్బం వెనక సంగతులు తెలుసుకునే కొద్దీ నా ఆశ్చర్యం పెరిగింది. ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. 1980 జనవరి 2న బ్రిటన్ ఉక్కు కార్మికులు సమ్మెకు దిగారు. అది మూడు నెలలు సాగింది. అది ముగిసిన రోజుల్లోనే ఈ ఆల్బం బయటికి వచ్చింది. గిటారిస్టు గ్లెన్ టిప్టన్ కుర్రతనంలో అదే బ్రిటిష్ స్టీల్ సంస్థలో అప్రెంటిసుగా పనిచేసినవాడు. గాయకుడు రాబ్ హాల్ఫోర్డ్ పెరిగింది వాల్సాల్‌లో, బర్మింగ్‌హామ్ పక్కన. బడికి పోతూ లోహపు కర్మాగారాల పొగ పీలుస్తూ, ఆ దెబ్బల చప్పుడు వింటూ నడిచేవాడినని ఆయన ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఆల్బంలో ‘మెటల్ గాడ్స్’ అనే పాట ఉంది. చివర్లో ఇనప మనుషులు కవాతు చేస్తున్న అడుగులు వినిపిస్తాయి. వాటికోసం వాళ్ళు ఏ యంత్రాన్నీ వెతుక్కోలేదు. రికార్డింగు జరిగిన ఇంట్లో స్పూన్లు, ఫోర్కులు ఉన్న ట్రేను పైకెత్తి కుదిపారు. ఆ ఇల్లు అప్పట్లో బీటిల్స్ డ్రమ్మరు రింగో స్టార్‌ది. కర్మాగారం ఊళ్ళో పుట్టిన చెవులు వంటింటి సామానులోంచి కర్మాగారాన్ని రప్పించాయి. ఆ పాట వచ్చిన ప్రతిసారీ నేను చేస్తున్న పని ఆపి వింటాను.

సెలవులకు ఆ క్యాసెట్టు ఇంటికి తెచ్చి పెడితే అమ్మ “ఏందిరా ఈ లొల్లి” అని లోపలికి వెళ్ళిపోయింది. నాన్న తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు. పాట అయిపోయేదాకా కదల్లేదు. “మొదట ఎంత వేగం పట్టిండో ఆఖరు దాకా అదే వేగం. ఒక్క పిసరు తగ్గలె” అన్నాడు. అంతే, తిరిగి మిల్లుకు వెళ్ళిపోయాడు. ఎందరో విమర్శకులు ఆ బృందం గురించి రాసింది తర్వాత చదివాను. నాన్న పట్టుకున్న సంగతి వాళ్ళలో తక్కువమందే పట్టుకున్నారు. బలంగా కొట్టడం ఎవరైనా చేస్తారు. కొట్టిన ప్రతి దెబ్బనూ ఒకే చోట పడేలా కొట్టడానికి ఏళ్ళ సాధన కావాలి. హెవీ మెటల్ అంటే అదుపు తప్పిన గోల అనుకుంటారు గానీ, నేను విన్నంతలో ఇంత అదుపుతో వాయించే సంగీతాలు తక్కువ.

అసలు ఈ సంగీతం పుట్టుకలోనే కర్మాగారం ఉంది. బ్లాక్ సబాత్ గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ళ వయసులో బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పని మానేస్తున్న చివరి రోజే మిషను కింద కుడిచేయి పడి రెండు వేళ్ళ కొనలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగల మీద ఆడాల్సినవి ఆ వేళ్ళే. జాంగో రైన్‌హార్ట్ అనే గిటారిస్టు చెయ్యి కాలి రెండు వేళ్ళు పనికిరాకుండా పోయాక కూడా గొప్పగా వాయించాడని చెప్పి, ఆ ఫ్యాక్టరీ మేనేజరే ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి తగ్గాలని సన్నటి తీగలు వేశాడు, కొన్నాళ్ళకు వాటి బిగువూ తగ్గించాడు. తీగ వదులైతే స్వరం కిందికి దిగుతుంది. ప్రపంచమంతా హెవీ అని పిలిచే ఆ నాదంలో సగం ఆ గాయంలోంచి వచ్చింది. మా మిల్లుల్లో బెల్టుల మధ్య వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను నేను చిన్నప్పటి నుంచి చూశాను. ఆ చేతులతోనే బీడీ చుట్టుకునేవారు, ఆ చేతులతోనే బస్తా కుట్టేవారు. అయోమీ కథ చదివినప్పుడు నాకు కనిపించింది వాళ్ళే.

అదే బ్లాక్ సబాత్ బృందం 1980లో ‘హెవెన్ అండ్ హెల్’ తెచ్చింది. గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్‌ను తీసేశారు, రానీ జేమ్స్ డియో వచ్చాడు. బృందం పని అయిపోయిందని అందరూ అనుకున్న వేళ ఇంత నిండైన ఆల్బం వచ్చింది. డియో పొట్టి మనిషి, గొంతు మాత్రం గోపురమంత. చూపుడువేలు, చిటికెనవేలు ఎత్తి మిగతావి మడిచే గుర్తును అభిమానులకు అలవాటు చేసిందీ ఈయనే. ఇప్పుడు మెటల్ కచేరీ అంటే లోకమంతా ఆ చెయ్యే ఎత్తుతుంది. అది దెయ్యానికి మొక్కడమని భయపడేవాళ్ళున్నారు. డియో చెప్పిన మాట వేరు. ఇటలీ నుంచి వచ్చిన వాళ్ళ అవ్వ వీధిలో ఎవరి చూపైనా చెడ్డదనిపిస్తే దిష్టి తగలకుండా అలా వేళ్ళు చూపించేదట. చిన్నప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తూ చూసి నేర్చుకున్నాడు.

ఇది చదివిన ఏడాదే పెద్దగట్టు జాతరకు వెళ్ళాను. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామికి రెండేళ్ళకోసారి జరిగే జాతర. దానికి ముందు దిష్టిపూజ చేస్తారు. తర్వాత కేసారం నుంచి దేవరపెట్టె బయల్దేరుతుంది. భేరీలు మోగుతుంటే, నడుముకు గజ్జెలు కట్టుకున్న యాదవ భక్తులు “ఓ లింగా” అంటూ గుట్టెక్కుతారు. భేరీ దగ్గర నిలబడితే చప్పుడు చెవికన్నా ముందు పొట్టకు తగులుతుంది. పక్క మనిషి మాట వినపడదు, వినాలనీ అనిపించదు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఉన్న ఆ కొద్దిపాటి ఖాళీలో వేలమంది ఒక్కసారే ఊపిరి తీసుకుంటారు. ‘హెవెన్ అండ్ హెల్’ టైటిల్ పాటలో బాస్ గిటారు ఒంటరిగా నడిచే చోట నాకు కలిగేది సరిగ్గా అదే. బరువు మోతలో లేదు, ఆ ఖాళీలో ఉంది.

మా ప్రాంతంలో క్యాసెట్టు అంటే వేరే అలవాటు. సూర్యాపేట బస్టాండు దగ్గర రికార్డింగు షాపులో లావుపాటి నోటు పుస్తకాల నిండా సినిమా పాటల జాబితాలు ఉండేవి. మనకు నచ్చినవి చీటీ మీద రాసిస్తే, ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి మర్నాడు ఇచ్చేవారు. కంపెనీ క్యాసెట్టు కొన్నా ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు ఇంకో సినిమా. ఆ చీటీలో నేనెప్పుడూ రాసింది ఇళయరాజా పాటలే. చరణాల మధ్య వచ్చే వాయిద్యాలను తర్వాతి చరణం వచ్చేదాకా కాలక్షేపంగా కాకుండా పాటలో పాటగా వినడం నేర్పింది ఆయనే. ‘గీతాంజలి’, ‘శివ’ రెండూ 1989లో వచ్చాయి. ఆ రెంటిలోని గిటార్లు విన్న చెవికి తర్వాత విన్నవేవీ మరీ కొత్త కాలేదు.

అయితే ఆల్బం మొత్తాన్ని ఒకే రచనగా, వరుస చెదరకుండా వినడం నాకు మెటల్ వల్లే అబ్బింది. ఎల్‌పీ రికార్డు ఒక వైపుకు ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది. ఆ కొలతకు తగ్గట్టు ఏ పాట ముందుండాలి, ఏది వైపు ముగించాలి అని వాళ్ళు కూర్చుని ఆలోచించేవారు. ఏసీ/డీసీ ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ గంట మోతతో మొదలవుతుంది. 1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. జూలైలో వచ్చిన ఈ ఆల్బం అట్టంతా నల్లగా ఉంచి సంతాపం చెప్పారు. ఆ గంటను ఇంగ్లండులో ప్రత్యేకంగా పోత పోయించారు, బరువు దాదాపు టన్ను. ఇది అసలు హెవీ మెటలేనా అని వాదించేవాళ్ళున్నారు, నేను ఆ వాదనలోకి పోను. స్లేయర్ 1986లో తెచ్చిన ‘రెయిన్ ఇన్ బ్లడ్’ మొత్తం కలిపి ఇరవై తొమ్మిది నిమిషాలే. క్యాసెట్టుకు రెండు వైపులా అదే ఆల్బం పూర్తిగా ఎక్కించారు. తిప్పితే మళ్ళీ మొదలే. జుట్టు ఉబ్బించి, రంగులు పూసుకుని అమెరికా బృందాలు ఆ దశాబ్దం చివర్లో గుట్టలుగా తెచ్చిన ఆల్బముల్లో నాకు మిగిలింది చాలా తక్కువ.

మాటలు ఆలస్యంగా వచ్చాయి. క్యాసెట్టు లోపల మడత పెట్టిన కాగితం మీద చీమల బారు అక్షరాలు, పక్కన నిఘంటువు. అర్థం తెలిశాక కొన్ని ఆల్బములు చిన్నబోయాయి. నరమేధాన్నీ శవాలనూ ఏకరువు పెట్టే స్లేయర్ పాటలను నేను ఇప్పటికీ వాయిద్యం కోసమే వింటాను. కొన్ని మాత్రం పెరిగాయి. ఐరన్ మెయిడెన్ 1982లో తెచ్చిన ‘ద నంబర్ ఆఫ్ ద బీస్ట్’ పేరు చూసి భయపడినవాళ్ళు ఎందరో. దాని చివర్లో ఉన్న ‘హాలోడ్ బీ దై నేమ్’ ఒక ఉరిశిక్ష ఖైదీ కథ. తెల్లవారితే ఉరి. గదిలో కూర్చుని గంటలు వింటున్నాడు. భయం లేదనుకున్నవాడికే లోపల వణుకు మొదలవుతుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉరిశిక్షలు పడి, తాడు కిందే రోజులు లెక్కపెట్టుకున్న రైతుల సంగతులు మా నల్లగొండ జిల్లాలో పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. బ్రూస్ డికిన్‌సన్ గొంతు ఎత్తుకున్న చోట నాకు వాళ్ళు గుర్తొస్తారు. పాడినవాళ్ళకు మా జిల్లా ఎక్కడుందో తెలియదు. పాటకు ఆ ఎరుకతో పనిలేదు.

అదే బృందం 1984లో ‘పవర్‌స్లేవ్’ తెచ్చింది. చివరి పాట పదమూడు నిమిషాలు దాటుతుంది. కోల్‌రిడ్జ్ 1798లో అచ్చు వేసిన ముసలి నావికుడి కావ్యాన్ని బాసిస్టు స్టీవ్ హారిస్ పాటగా మలిచాడు. దాన్ని నేను కోదాడ నుంచి మిర్యాలగూడ వచ్చే బస్సులో వాక్‌మన్ పెట్టుకుని వినేవాణ్ణి. హుజూర్‌నగర్ దాటి, నేరేడుచర్ల దాటి, మూసీ వంతెన వచ్చేదాకా అటూ ఇటూ పొలాలే. పాట నడుమ వాయిద్యాలన్నీ తగ్గిపోతాయి. గాలి లేక నడిసముద్రంలో ఓడ నిలిచిపోయింది, చెక్కలు కిర్రుమంటున్నాయి, అడుగున బాస్ ఒక్కటే మెల్లగా కదులుతోంది. బస్సు అద్దాలూ సీటు కడ్డీలూ అదే కిర్రుమోత. క్యాసెట్టులో ఉన్నదేదో, బస్సుదేదో విడదీయలేక ఒక చెవి నుంచి హెడ్‌ఫోను తీసి చూసేవాణ్ణి. అంత పాత ఇంగ్లిషు కావ్యాన్ని నేను క్లాసులో చదివి ఆనందించలేదు. ఆ రోడ్డు మీద మాత్రం పూర్తిగా అందింది.

ఇక 1986. మార్చి 3న మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ వచ్చింది. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్‌లో రికార్డు చేశారు. ఎనిమిది పాటలు, యాభై నాలుగు నిమిషాలు. టైటిల్ పాటలో మాట్లాడేది మనిషి కాదు, వాణ్ణి పట్టుకున్న మత్తుమందు. నువ్వు నా చేతిలో బొమ్మవి అన్నట్టు మత్తే మనిషిని ఆడిస్తుంది. దాని అర్థం నాకు తెలిసిన రోజుల్లో మా జిల్లాలో సారా ప్యాకెట్లు రాజ్యమేలుతున్నాయి. బస్తాలు మోసిన హమాలీ కూలి డబ్బు ఇల్లు చేరకుండానే దుకాణంలో అయిపోయేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం మా ఊళ్ళదాకా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. పగలు వీధిలో ఆడవాళ్ళ నినాదాలు, రాత్రి చెవిలో ఆ పాట. ఒకటి ఆ యజమానిని తరిమేస్తోంది, ఇంకొకటి ఆ యజమాని గొంతునే వినిపిస్తోంది. పాటలో మాట ముఖ్యమని చిన్నప్పుడు మా ఇంట్లో నేర్చుకున్నది అప్పుడు కొత్తగా నిజమైంది. మాట చివరగా వచ్చి కూడా అంత పని చేయగలదని తెలిసింది.

ఆ ఆల్బంలో ‘ఓరియన్’ అని మాటలే లేని పాట ఉంది, ఎనిమిదిన్నర నిమిషాలు. దాని ప్రాణం బాసిస్టు క్లిఫ్ బర్టన్. నడుమ వేగమంతా తగ్గి, బాస్ ఒక్కటే మెల్లగా వరస ఎత్తుకునే చోటు ఉంది. మిగతా వాయిద్యాలు ఒక్కొక్కటే వచ్చి దాని పక్కన చేరతాయి. ఆ ఏడాది సెప్టెంబరు 27 తెల్లవారుజామున స్వీడన్‌లో వాళ్ళ బస్సు రోడ్డు తప్పి బోల్తా పడి బర్టన్ చనిపోయాడు. వయసు ఇరవై నాలుగు. ఆ రాత్రి ఎవరు ఏ బెర్తులో పడుకోవాలో పేకముక్క తీసి తేల్చుకున్నారట. అతనికి నచ్చిన బెర్తే దక్కింది. అంత్యక్రియల్లో ‘ఓరియన్’ వినిపించారు. సూర్యాపేట, కోదాడల మధ్య విజయవాడ రోడ్డు మీద పెరిగినవాళ్ళకు తెల్లవారుజాము బస్సు ప్రమాదం అంటే వివరించనక్కర్లేదు. 1988లో వాళ్ళు తెచ్చిన ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’లో బాస్ దాదాపు వినిపించదు. కొత్త బాసిస్టు వాయించాడు, కలిపేటప్పుడు తగ్గించేశారు. కారణాలు ఎన్ని చెప్పినా, అడుగు లేని ఆ నాదం వింటుంటే పోయినవాడి చోటు ఖాళీగా ఉంచారనే నాకు అనిపిస్తుంది. గొప్ప పాటలున్న ఆల్బమే అయినా నేను తక్కువగా వింటాను.

2011 అక్టోబరు 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చింది. కోదాడలో లారీల వ్యాపారం చేసే నా మిత్రుడూ నేనూ కలిసి వెళ్ళాం. చుట్టూ తెలుగు గొంతులు బాగానే వినిపించాయి. ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ నడుమ గిటార్లు రెండూ జంటగా మెల్లని రాగం తీసే చోట, చుట్టూ ఉన్న జనం ఆ గిటారు వరసను గొంతులతో ఎత్తుకున్నారు. అక్కడ మాటలు లేవు. పాడటానికేమీ లేని చోట అంతమంది పాడారు. మా మిత్రుడు కళ్ళు తుడుచుకుంటూ పాడాడు. నేనూ పాడాను.

2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లో, తాము పెరిగిన వాడలోనే ఉన్న విల్లా పార్క్‌లో బ్లాక్ సబాత్ నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. ఆజీ నిలబడలేక సింహాసనంలో కూర్చుని పాడాడు. పదిహేడు రోజులకే, జూలై 22న పోయాడు. ఆ వారం కోదాడ వెళ్ళి మిత్రుడి ఆఫీసులో కూర్చున్నాను. అతను ఆజీ మొదటి సొంత ఆల్బం ‘బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్’ పెట్టాడు. అదీ 1980దే. అందులో గిటారు వాయించిన రాండీ రోడ్స్ 1982లో విమాన ప్రమాదంలో పోయినప్పుడు వయసు ఇరవై అయిదు. బయట లారీలు లోడు కోసం వరుస కట్టి ఉన్నాయి. వాటి డ్రైవర్లలో ఒకతను టీ గ్లాసుతో గుమ్మం దగ్గర నిలబడి గిటారు అయిపోయేదాకా విన్నాడు. “అన్నా, ఎవరిది ఈ చెయ్యి?” అని అడిగాడు.

మిత్రుడికీ నాకూ తెగని పేచీ ఒకటుంది. అతనికి మెటాలికాలో ‘రైడ్ ద లైట్నింగ్’ ఆల్బమే గొప్పది, 1984ది. ఆకలితో ఉన్న నలుగురు కుర్రాళ్ళు వాయించిందది, ‘మాస్టర్’ నాటికి వాళ్ళకు తమ బలం తెలిసిపోయింది అంటాడు. తెలియడంలోనే గొప్పతనం ఉంది అంటాను. ఎంత వేగంగా పోగలరో తెలిసినవాళ్ళే ‘ఓరియన్’ నడుమ అంత నెమ్మదిగా నడవగలరు. అతను ‘రైడ్’లోని ‘ఫేడ్ టు బ్లాక్’ మాటెత్తుతాడు, అక్కడ నాకు కాస్త జవాబు తడుముకోవాల్సి వస్తుంది. వచ్చే ఆదివారం అతనే మిర్యాలగూడ వస్తానన్నాడు. ఈసారి రెండు ఆల్బములనూ వరసగా, మధ్యలో మాట్లాడకుండా పెట్టుకుందామని ఒప్పుకున్నాం. ఏది ముందు పెట్టాలన్న దగ్గర మాత్రం ఇంకా తేలలేదు.